గుంజ కుళ్ళేది ఎక్కడ?

పాత ఇల్లు పడగొట్టి కలప అమ్ముతున్నారంటే కొనడానికి వచ్చినవాడు ముందు దూలాల వైపు చూడడు. వంగి గుంజ అడుగు చూస్తాడు. ఉలితోనో, చేతిలో ఉన్న మేకుతోనో నేలకి జానెడు పైనా జానెడు కిందా పొడిచి చూస్తాడు. మేకు మెత్తగా దిగిందంటే ధర సగానికి పడిపోతుంది. పైన పది అడుగుల కర్ర గట్టిగానే ఉన్నా, అడుగున భూమిలో ఉన్న ముక్క గట్టిగానే ఉన్నా, మధ్యలో ఆ రెండు జానల మేర పోయిందంటే గుంజ పోయినట్టే.

ఇళ్ళ చరిత్ర రాసేవాళ్ళు కప్పుల గురించి రాస్తారు, గోడల గురించి రాస్తారు, తలుపుల మీద చెక్కిన లతల గురించి రాస్తారు. ఈ రెండు జానల గురించి రాసినవాళ్ళు తక్కువ. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఎవరి ఇల్లు ఎంత కాలం నిలబడిందో, ఎవరి ఇల్లు చరిత్రలో మిగిలిందో తేల్చింది చాలావరకు ఆ రెండు జానలే అని నాకనిపిస్తుంది. ఈ వ్యాసం దాని గురించే.

కర్రని తినేది నీళ్ళు అనుకుంటాం. పూర్తిగా నిజం కాదు. కర్రని కుళ్ళబెట్టేది బూజు జాతి శిలీంధ్రం. దానికి తడీ కావాలి, గాలీ కావాలి. ఎప్పుడూ పొడిగా ఉండే కర్రలో తడి లేదు, కనక బతుకుతుంది. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉన్న కర్రకి గాలి అందదు, కనక అదీ వందల ఏళ్ళు బతుకుతుంది. చచ్చేదల్లా ఓసారి తడుస్తూ ఓసారి ఎండుతూ ఉండే చోటే. మామూలు గుంజకి ఆ చోటు సరిగ్గా నేల మట్టం దగ్గర వస్తుంది. దానికి తోడు మన నేలలో చెదలు.

దీన్ని బాగా అర్థం చేసుకుని కట్టిన ఊళ్ళు ప్రపంచంలో ఉన్నాయి. వెనిస్ అడుగున బురదలో దిగ్గొట్టిన కర్ర స్తంభాలు లక్షల్లో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1648లో మొదలుపెట్టిన పురభవనం, ఇప్పటి రాజభవనం, 13,659 కర్ర స్తంభాల మీద నిలబడి ఉంది. అక్కడి బడిపిల్లలకి ఆ అంకె కంఠతా వచ్చు. ఏడాదిలో ఉన్న 365 రోజులకి ముందు ఒకటీ వెనక తొమ్మిదీ చేరిస్తే సరిపోతుందని గుర్తు పెట్టుకుంటారు. ఆ స్తంభాల తలలన్నీ భూగర్భజల మట్టానికి కిందే కోసేస్తారు. అక్కడి నుంచి పైకి రాయో ఇటుకో. కర్ర ఎక్కడా తడి-పొడి హద్దు దాటకూడదన్నది సూత్రం. ఆ దేశంలో భూగర్భజలం దిగిపోయినప్పుడల్లా పాత ఇళ్ళ యజమానులు కంగారు పడేది అందుకే.

మరి పైన కూడా కర్ర స్తంభమే నిలబెట్టాలంటే? భూమిలోని కర్రకీ పైనున్న కర్రకీ మధ్య అతుకు ఎలా వేయాలి? ఇది వడ్రంగంలో చాలా పాత ప్రశ్న. ఆ అతుకు మూడు పనులు చెయ్యాలి. ఒకటి, పైబరువుని కిందకి దించాలి. ఇది తేలిక, రెండు చదునైన కోతలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే చాలు. రెండు, పక్కకి జారకుండా పట్టుకోవాలి. దీనికి ఒక కర్ర కొసని సన్నగా చెక్కి నాలుకలా వదిలి, రెండో కర్రలో తొలిచిన బెజ్జంలో దించుతారు. లేదా రెండింటి నడిబొడ్డున ఇనుప కడ్డీ దిగ్గొడతారు. మూడు, గాలి ఇంటి కప్పుని పైకి లాగినప్పుడు గుంజ లేచిపోకుండా ఆపాలి. అన్నిటికంటే కష్టం ఇదే. నాలుకా బెజ్జం మాత్రమే ఉంటే, ఎలా దిగిందో అలాగే పైకి వచ్చేస్తుంది. అడ్డంగా చీల కొట్టాలి, లేదా రెండు పక్కలా ఇనుప పట్టీలు వేసి బిగించాలి. పాత పద్ధతిలో భూమిలోని స్తంభాల తలల మీదుగా ఒక అడ్డ దూలాన్ని పరిచి, వాటి నాలుకలు దాని బెజ్జాల్లోకి ఎక్కించి, ఆ దూలం మీద పై స్తంభాలు నిలబెట్టేవాళ్ళు. అప్పుడు ఒక స్తంభం కుంగినా పక్కవి దాని బరువు పంచుకుంటాయి.

మన దేశంలో ఇలాంటి కర్ర పని ఎంత పాతదో చెప్పడానికి పాటలీపుత్రం ఉంది. ఆ నగరానికి కర్ర గోడ ఉండేదని మెగస్తనీస్ రాశాడు. చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1920లలో పాట్నా దగ్గర బులందీబాగ్‌లో తవ్వితే, రెండు వరసల్లో నిలబెట్టిన బరువైన దుంగలు బయటపడ్డాయి. తడిమట్టిలో కూరుకుపోయి ఉండబట్టే రెండువేల ఏళ్ళకి పైగా మిగిలాయి.

మన కృష్ణ ఒడ్డునా అలాంటి జాడ ఒకటుంది. అమరావతి పక్కనే ధరణికోట. శాతవాహనుల నాటి ధాన్యకటకం అదే. 1962-64 మధ్య పురావస్తు శాఖ అక్కడ జరిపిన తవ్వకాల్లో నదితో కలిసే ఒక పడవ కాలువ, దాన్ని ఆనుకుని సరుకు దించుకునే రేవు కట్టడం బయటపడ్డాయి. ఆ రేవు తొలి దశలో కర్రది. తర్వాతి దశలో దాన్ని ఇటుకతో కట్టుకున్నారు.

ఆ ఒక్క మార్పు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. కర్ర నుంచి ఇటుకకి ఎందుకు మారారు? డబ్బు పెరిగింది, వ్యాపారం పెరిగింది, రోమ్ దాకా సరుకు పోయింది అని చెప్పుకోవచ్చు. నాకు తోచే కారణం ఇంకొకటి కూడా ఉంది. కృష్ణ ఆమ్‌స్టర్‌డామ్ కాలువ లాంటిది కాదు. శ్రావణంలో గట్లు ఒరుసుకుంటూ పారుతుంది, వైశాఖానికి ఇసుకలో పాయలుగా మిగులుతుంది. ఏడాదిలో నీటి మట్టం అన్ని అడుగులు లేచి దిగే నదిలో కర్ర స్తంభానికి ఎప్పుడూ నీళ్ళలో ఉండే భాగం కొంచెమే, ఎప్పుడూ పొడిగా ఉండే భాగమూ కొంచెమే. మిగతాదంతా ఆ చచ్చే హద్దే. ఇంటి గుంజకి రెండు జానలున్న జబ్బు, రేవు స్తంభానికి నిలువెల్లా ఉంటుంది. ఇంకొంచెం కిందకి, ఉప్పునీరు తగిలే చోటికి పోతే, పడవల అడుగులు తొలిచే పురుగు కూడా తోడవుతుంది.

అందుకేనేమో, ఈ నదుల మీద పెద్ద పనులు వచ్చినప్పుడు కర్ర స్తంభాలు దిగ్గొట్టే యూరప్ పద్ధతి ఇక్కడ రాజ్యమేలలేదు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు ఇసుకలో బావులు దించి వాటి మీద కట్టారు. గుండ్రంగా ఇటుక వరస పేర్చి, లోపలి ఇసుక తోడేస్తుంటే, ఆ వరస తన బరువుకి తానే దిగుతుంది. పైన మళ్ళీ వరసలు పేరుస్తారు. లోతు అందాక లోపల పూడ్చేస్తారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలిపే విద్య తాము ఈ దేశపు పాత కట్టడాల దగ్గరే నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ తర్వాతి రోజుల్లో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఆ వెనకే 1852-55లో బెజవాడ, సీతానగరం కొండల మధ్య కృష్ణ ఆనకట్ట వచ్చింది. వందేళ్ళు ఈ మైదానానికి అన్నం పెట్టి 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957లో లేచిందే ప్రకాశం బ్యారేజీ.

సరే, రేవు పోయింది, దాని కర్ర పోయింది. ఆ వడ్రంగం ఏమైంది? పోలేదు. రాతిలోకి ఎక్కింది.

అమరావతి స్తూపం చుట్టూ ఉండిన రాతి కంచె ముక్కలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ, అమరావతిలోనూ ఉన్నాయి. అందరం స్తంభం ముఖం చూస్తాం. విచ్చిన తామర, దాని పైనా కిందా సగం తామరలు, మధ్యలో జాతక కథలు. ఈసారి వెళ్ళినప్పుడు స్తంభం పక్క వైపుకి వెళ్ళి నిలబడండి. అక్కడ పైనుంచి కిందకి మూడు బెజ్జాలుంటాయి, కంటి ఆకారంలో. అడ్డరాళ్ళ కొసలు ఆ బెజ్జాల్లో దిగేవి. ఆ అడ్డరాళ్ళనే 'సూచి' అన్నారు, అంటే సూది. బెజ్జంలో దూరేది కనక. నిలువు స్తంభాల తలల మీద నాలుకలు మిగిల్చి, పైన పొడుగాటి రాతి దూలాల బెజ్జాల్లోకి ఎక్కించారు. ఆ పై దూలం పేరు 'ఉష్ణీషం', తలపాగా.

రాతికి ఇదంతా అక్కర్లేదు. రాయి తన బరువుతోనే నిలబడుతుంది, దాన్ని నాలుకలు చెక్కి బెజ్జాల్లో దూర్చడం చాకిరీ. పైగా పలుచటి రాతి నాలుక తేలిగ్గా విరుగుతుంది. ఇలా చేశారంటే, చేసినవాళ్ళ చేతులకి కర్ర పని అలవాటై ఉండాలి, చూసేవాళ్ళ కళ్ళకి కంచె అంటే కర్ర కంచె గుర్తుకు రావాలి. పశువుల దొడ్డి చుట్టూ, ఊరి చుట్టూ, రావిచెట్టు చుట్టూ వేసుకున్న కర్ర కంచెనే పలనాటి సున్నపురాతిలో మళ్ళీ కట్టారు. కంచె వలయం అడ్డకొలత 190 అడుగుల పైచిలుకు. నిలువు స్తంభాలు ఒక్కోటి దాదాపు తొమ్మిది అడుగులు. అలాంటివి 136, అడ్డరాళ్ళు 348 ఉండేవని డగ్లస్ బారెట్ లెక్క కట్టాడు. మొత్తం కంచెని అడ్డంగా పట్టుకున్నవి ఆ బెజ్జాలే.

ఈ కంచెలో ఒక సంగతి చిన్నగా ఉంటుంది కానీ నాకు ముఖ్యం. తలకి అంత శ్రద్ధగా నాలుక చెక్కిన శిల్పులు పాదానికి ఏమీ చెక్కలేదు. ఇలాంటి కంచెల్లో స్తంభం అడుగుని మొరటుగానే వదిలేసి పాతేశారు. రాయి కుళ్ళదు కదా! వడ్రంగి నిద్ర పోనివ్వని ఆ రెండు జానలు, రాతిలోకి వచ్చేసరికి ఒక్కసారిగా సమస్య కాకుండా పోయాయి. పై అతుకులన్నీ జ్ఞాపకంగా మిగిలాయి. కింది అతుకు మాత్రం మిగల్లేదు.

ఈ రాళ్ళు ఇచ్చినవాళ్ళెవరు? రాజులే కాదు. అమరావతి శాసనాల్లో సుగంధ ద్రవ్యాల వ్యాపారి ఉన్నాడు, భిక్షుణులున్నారు, గృహపతుల భార్యలున్నారు. విధికుడనే తోలుపనివాడు తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఒకటి ఇచ్చాడు. ఆ పలక మిగిలింది. విధికుడి ఇల్లు మిగల్లేదు. అది బహుశా గుంజల మీద నిలబడిన ఇల్లే అయ్యుంటుంది. స్తూపానికి రాయి ఇచ్చినవాడు తన ఇంటికింద రాయి వేసుకోగలిగాడో లేదో మనకి చెప్పేదేదీ లేదు.

ఇల్లు మట్టిలో కలిసిపోవడానికి ఈ మట్టి కూడా కారణం. పత్తి పండించే నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నోళ్ళు తెరుస్తుంది. వేసవిలో నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా పోయే చేలున్నాయి. ఇందులో పాతిన గుంజని మట్టి వానాకాలం ఒకసారి పైకి తోస్తుంది, ఎండాకాలం చుట్టూ ఖాళీ వదిలేస్తుంది. తొలకరి నీళ్ళు నేరుగా ఆ ఖాళీలోంచి గుంజ మొదట్లోకి దిగుతాయి. పత్తికి అమృతం లాంటి నేల గుంజకి విషం.

దీనికి ఈ మైదానంలో రెండు జవాబులు పుట్టాయి. ఒకటి ఉన్నవాళ్ళది, ఒకటి లేనివాళ్ళది.

ఉన్నవాళ్ళ మండువా ఇంట్లో గుంజని పాతరు. ఎత్తు అరుగు కట్టి, రాతి దిమ్మ వేసి, దిమ్మ నడిమధ్య చిన్న గుంట తొలిచి, స్తంభం అడుగున మిగిల్చిన నాలుకని అందులో కూర్చోబెడతారు. కర్ర మట్టిని తాకదు. చెద దిమ్మ మీదుగా ఎక్కితే మట్టిదారి కంటికి కనిపిస్తుంది, చీపురుతో కొట్టేయొచ్చు. మరి గాలికి స్తంభం లేచిపోదా? పోదు, పైన దూలాలు, పెంకులు, మట్టి కలిపి బండెడు బరువుంది. ఆ బరువే చీల. అందుకే ఆ ఇళ్ళు నూరేళ్ళు దాటినా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. వాటి స్తంభాలు ఇప్పుడు హైదరాబాద్ రెస్టారెంట్లలో అలంకారానికి కూడా వస్తున్నాయి.

లేనివాళ్ళ గుడిసె కప్పు తేలిక. తాటాకు, రెల్లు, వెదురు. రాతి దిమ్మ మీద ఊరికే నిలబెడితే మొదటి గాలికే లేచిపోతుంది. కనక గుంజనీ, నడుమ నిట్రాడునీ భూమిలో పాతక తప్పదు. పాతితే గాలికి ఆగుతుంది, కానీ కుళ్ళుతుంది. కుళ్ళకుండా అడుగు నిప్పుల మీద మాడుస్తారు, తారు పూస్తారు, గుంటలో మట్టికి బదులు గులకరాళ్ళు కూరతారు. అయినా కొన్నేళ్ళకి మార్చాల్సిందే. తుమ్మ మొద్దో తాటి పట్టెడో వెతుక్కుని, కప్పుకి తాత్కాలికంగా ఆసరా పెట్టి, పాతది పీకి కొత్తది దించుతారు. బరువైన ఇంటికి బరువే రక్ష. తేలికైన ఇంటికి రక్ష కావాలంటే తన పాదాన్ని మట్టికి తినబెట్టాలి.

జపాన్‌లోనూ ఈ రెండు దార్లూ ఉండేవి. గుంజని నేలలో పాతడం పాత పద్ధతి. రాయి మీద నిలబెట్టడం బౌద్ధ విహారాలతో పాటు వచ్చిన కొత్త పద్ధతి. ఇసె అనే ఊళ్ళో షింతో దేవాలయాన్ని మాత్రం ఇప్పటికీ పాత పద్ధతిలోనే, గుంజలు నేలలో పాతి కడతారు. కనక ప్రతి ఇరవై ఏళ్ళకీ పక్క స్థలంలో మళ్ళీ కట్టుకుంటారు. 2013లో కట్టింది అరవై రెండో సారి. ప్రపంచం అంతా వెళ్ళి చూసి అబ్బురపడుతుంది. మన గుడిసెలో అదే పని అంతకంటే తొందరగా జరుగుతూ వచ్చింది. దాన్ని ఎవరూ సంప్రదాయం అనలేదు, మరమ్మతు అన్నారు.

1977 నవంబరు 19న ఆ తేడాకి ఖరీదు తెలిసింది. దివిసీమ పేరుతో గుర్తుండిపోయిన ఆ తుఫాను కృష్ణా జిల్లాతో పాటు గుంటూరు జిల్లా రేపల్లె, బాపట్ల వైపు తీరాన్నీ తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. ఎక్కువ మందిని చంపింది గాలి కాదు, గోడలా లేచి ఊళ్ళ మీదికి వచ్చిన సముద్రం. ఆ నీటి ముందు ఏ గుంజా నిలవదు, నిజమే. కానీ నీళ్ళు వచ్చేలోపే గంటల తరబడి గాలి వీచింది. గాలికి కప్పు ఎగిరిందంటే ముందు మూడో పని విఫలమైనట్టు. నానిన మట్టి పట్టు వదిలిన చోట గుంజ పీక్కుని వచ్చింది. మట్టి వదలని చోట, నేల మట్టం దగ్గర కుళ్ళిన ఆ రెండు జానల్లో పుటుక్కున విరిగింది. ఇంట్లో పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాల్సిన వేళకి పట్టుకోవడానికి ఏమీ లేకుండా పోయింది.

ఆ తర్వాత తీరం వెంట కాంక్రీటు తుఫాను షెల్టర్లు వచ్చాయి, పక్కా ఇళ్ళ పథకాలు వచ్చాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మేలో అంతకు తీసిపోని తుఫాను దాదాపు అదే తీరాన్ని తాకితే, లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. ఆ వెయ్యి కూడా తక్కువ కాదు. కానీ పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్నవాళ్ళలో చాలామంది ఇప్పటికీ మన మధ్య మిరప కోస్తూ, మనవళ్ళని బడికి పంపుతూ ఉన్నారు.

నల్లరేగడికి కూడా చివరికి మందు దొరికింది. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ స్వాతంత్ర్యం తర్వాతి దశాబ్దాల్లో 'అండర్ రీమ్డ్ పైల్' అనే పద్ధతిని ఈ దేశపు నల్లనేలల కోసం అభివృద్ధి చేసింది. భూమిలో సన్నటి గొయ్యి తవ్వుతూ పోయి, ఎండా వానా ప్రభావం అందని లోతుకి, సుమారు మూడున్నర మీటర్లకి చేరాక, అడుగున గొయ్యిని గంటలా వెడల్పు చేస్తారు. కడ్డీ దించి కాంక్రీటు పోస్తారు. పై మట్టి ఎంత ఉబ్బినా ముడుచుకున్నా, కదలని మట్టిలో ఇరుక్కున్న ఆ గుబ్బ పైకి రానివ్వదు, కిందకి పోనివ్వదు. వడ్రంగి చీలతో, పట్టీతో చేయించాలనుకున్న మూడో పనిని ఇక్కడ ఆ ఆకారమే చేస్తుంది. గుంటూరు వైపు నల్లనేలలో ఇల్లు కట్టేవాళ్ళకి మేస్త్రీలు ఇప్పుడు మామూలుగా చెప్పే మాట ఇది. దాని వెనక రెండువేల ఏళ్ళ గుంజల ఓటమి ఉందని ఎవరూ చెప్పుకోరు, చెప్పుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ధరణికోటకి కొద్ది దూరంలోనే కొత్త రాజధాని. సచివాలయ టవర్ల కోసం 2018లో పోసిన మహా పునాదులు, పనులు ఆగిపోయాక ఏళ్ళ తరబడి నీళ్ళలో నిలబడ్డాయి. 2024లో ఐఐటీ మద్రాస్ నిపుణులు వచ్చి, వాటి మీద ఇంకా కట్టొచ్చా అని పరిశీలించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు కలప కొనడానికి వచ్చిన మనిషి గుర్తొచ్చాడు. చేతిలో పరికరం మారింది, వంగి చూసే చోటు మాత్రం అదే.

అమరావతి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. స్తూపం చూశాక, వీలైతే ధరణికోట మట్టికట్ట మీద కాసేపు నడవండి. అక్కడ తామర పూలు చెక్కిన రాళ్ళేమీ కనిపించవు. పైర్లుంటాయి, నల్లమట్టి ఉంటుంది. ఎక్కడో ఆ అడుగున, పడవలు వచ్చి ఆగిన రేవు ఉండేది. మొదట దాన్ని కర్రతో నిలబెట్టారు.